ఎర్రని రెక్క, మాయమైన అడ్డగీత

నాసా చిహ్నంలో నీలి గోళాన్ని చీల్చుకుంటూ సాగే ఎర్రని గీతను చూసినవారు దానిని రాకెట్ వదిలిన జాడగానో, కంటికి ఇంపు కోసం గీసిన వంపుగానో భావిస్తుంటారు. నిజానికి అది విమానపు రెక్క. విండ్ టన్నెల్, అంటే గాలిని వేగంగా వీయించి విమాన నమూనాలను పరీక్షించే సొరంగం, లోని పరీక్షల కోసం తయారైన ఒక నమూనా నుంచి వచ్చిన రూపం అది.

నాసా ఇంకా పని ప్రారంభించని 1958 జులైలో, క్లీవ్‌లాండ్‌లోని లూయిస్ పరిశోధన కేంద్రంలో నివేదికల విభాగానికి అధిపతి అయిన జేమ్స్ మోడరెల్లీ కాలిఫోర్నియాలోని ఏమ్స్ కేంద్రానికి వెళ్లి, అక్కడ ప్రదర్శనకు ఉంచిన సూపర్‌సోనిక్ విమాన నమూనాను చూశారు. బాణపు మొనలా వెనక్కి వాలి, వంపు తిరిగి, మెలిపడి ఉన్న దాని రెక్క ఆయన మనసులో నిలిచిపోయింది. ఆ మెలికకు కారణం ఉంది. విమానం ధ్వనిని మించిన వేగంతో వెళ్తున్నప్పుడు ఎదుటి గాలికి దాని రాక ముందుగా తెలియదు కనుక ఆఘాత తరంగాలు, అంటే హఠాత్తుగా నొక్కుకుపోయిన గాలి అలలు, పుడతాయి; వాటిని పుట్టించడానికి ఖర్చయ్యే శక్తే విమానాన్ని వెనక్కి లాగే నిరోధంగా మారుతుంది. ముక్కు నుంచి శంకువులా పరచుకునే తరంగానికి లోపలే ఇమిడేలా రెక్కను వాల్చితే ఆ నిరోధం తగ్గుతుంది. వంపునూ మెలికనూ సరిగ్గా లెక్కిస్తే, పైకెత్తే బలం రెక్క అంతటా సర్దుకుంటుంది.

కొత్త సంస్థకు అధికార ముద్ర కావలసి వచ్చినప్పుడు మోడరెల్లీ ఆ రెక్కనే అందులో ఉంచారు. 1959 నవంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ ముద్రను ఆమోదించారు. లాంఛనాలకే పరిమితమైన ముద్ర నిత్యవ్యవహారానికి పనికిరాదు కాబట్టి, మోడరెల్లీయే దాన్ని సరళం చేసి, మధ్యలో సంస్థ పేరులోని నాలుగు అక్షరాలను చేర్చారు. 1969లో చంద్రునిపై దిగిన ఆర్మ్‌స్ట్రాంగ్ దుస్తుల మీద ఉన్నది ఈ చిహ్నమే.

సరళం చేశామన్నారే గాని, అచ్చువేసేవారికి అది సరళం కాలేదు. రంగులు ఎక్కువ, చిన్న పరిమాణంలో ముద్రిస్తే నక్షత్రాలు, కక్ష్య గీత అలుక్కుపోతాయి. దూరం నుంచి చూస్తే మిగిలేది నీలి మచ్చ. అమెరికా ప్రభుత్వ సంస్థల రూపకల్పనను మెరుగుపరిచే కార్యక్రమంలో భాగంగా న్యూయార్క్‌కు చెందిన రిచర్డ్ డాన్, బ్రూస్ బ్లాక్‌బర్న్ 1975లో దీనికి పూర్తి భిన్నమైన చిహ్నాన్ని ఇచ్చారు. అందులో బొమ్మ లేదు. ఒకే మందంతో మెలికలు తిరిగే నాలుగు ఎర్రని అక్షరాలే ఉన్నాయి. రెండు 'ఎ'లకూ అడ్డగీత లేదు. ఆ లోటు అప్పటి నాసా అధిపతి జేమ్స్ ఫ్లెచర్‌ను ఇబ్బంది పెట్టిందని, పెట్టిన డబ్బుకు తగిన ఫలం దక్కలేదన్నట్లు ఆయన మాట్లాడారని డాన్ తరువాత చెప్పుకున్నారు. నా దృష్టిలో ఆ గీతను తీసెయ్యడమే ఈ రూపకల్పనలోని తెలివి: అక్షరాన్ని గుర్తుపట్టడానికి కంటికి పై కొస, రెండు కాళ్లు చాలు, పైగా ఆ కొస రాకెట్ ముక్కును తలపిస్తుంది.

కొత్తదానికి 'వర్మ్', అంటే పురుగు అనీ, దానితో పోల్చి చెప్పడానికి పాతదానికి 'మీట్‌బాల్', అంటే మాంసపు ఉండ అనీ పేర్లు పడ్డాయి. చంద్రయాత్రల కాలం నాటి ఉద్యోగుల్లో చాలామందికి పురుగు రుచించలేదు. 1984లో దానికి అధ్యక్షుని రూపకల్పన పురస్కారం దక్కినా పరిస్థితి మారలేదు. 1992లో అధిపతిగా వచ్చిన డాన్ గోల్డిన్ సంస్థలో కుంగిన ఉత్సాహాన్ని నిలబెట్టాలని మోడరెల్లీ చిహ్నాన్ని తిరిగి తెచ్చారు. అయితే 1990లోనే కక్ష్యకు చేరిన హబుల్ టెలిస్కోపు మీద మాత్రం పురుగు అలాగే ఉండిపోయింది.

2020 మే 30న ఇద్దరు వ్యోమగాములను మోసుకెళ్లిన ఫాల్కన్ 9 రాకెట్ మీద అది మళ్లీ కనిపించింది. ఇప్పుడు మీట్‌బాల్ ప్రధాన చిహ్నంగా కొనసాగుతోంది. 2022 నవంబరులో ఎగిరిన ఆర్టెమిస్ 1 రాకెట్ బూస్టర్ల మీద మాత్రం, మైళ్ల దూరం నుంచి చదవవలసిన చోట, అడ్డగీత లేని ఎర్రని అక్షరాలనే రాశారు.