బైక్ ఇంజిన్‌తో ఇంట్లో కట్టుకునే గో-కార్ట్: అపోహలు - వాస్తవాలు

పాత బైక్ ఇంజిన్ ఒకటి చేతికి వచ్చిందంటే చాలామందికి ముందుగా తట్టేది ఇదే: నాలుగు పైపులు అతికించి, వెనక ఇంజిన్ బిగిస్తే కార్ట్ అయిపోతుంది కదా అని. కొన్నేళ్లుగా నేను ఇవి కడుతున్నాను, కట్టేవాళ్లకు చేతనైన సాయం చేస్తున్నాను. ఈ పని నేర్చుకోవాలనే కుర్రాళ్లంటే నాకు చాలా ఇష్టం. కానీ వాళ్ల నోట పదే పదే వినిపించే కొన్ని మాటలున్నాయి. వాటివల్ల ఇంజిన్లు పాడవుతున్నాయి, అంతకన్నా ముఖ్యంగా మనుషులకు దెబ్బలు తగులుతున్నాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే చెప్తాను. బైక్ ఇంజిన్ తయారుచేసినవాళ్లు మూడు విషయాలు ఖాయం అనుకుని దాన్ని చేశారు. బండి మలుపులో పక్కకు వాలుతుంది. ఇంజిన్‌కు ఎదురుగాలి తగులుతుంది. వెనక చక్రం పెద్దది. కార్ట్‌లో ఈ మూడూ ఉండవు. కింద చెప్పబోయే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: ఎంత పెద్ద సీసీ పెడితే అంత మంచి కార్ట్

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొట్టమొదటి కార్ట్ కట్టాడు. రేసు కార్లు తయారుచేసే కర్టిస్ క్రాఫ్ట్‌లో పనిచేసిన మనిషి. పెద్ద ఇంజిన్ బిగించడం ఆయనకు చేతకాని పనేం కాదు. అయినా పెట్టింది గడ్డి కోసే మిషన్ కోసం చేసిన చిన్న టూ-స్ట్రోక్ ఇంజిన్. ఈ రోజుకీ అంతర్జాతీయ కార్టింగ్‌లో గేర్లున్న కేజెడ్ తరగతి ఇంజిన్ 125 సీసీయే. మొదటిసారి కట్టేవాళ్లకు 100 నుంచి 125 సీసీ ఫోర్-స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ధారాళంగా సరిపోతుంది. నేలకు జానెడు ఎత్తులో కూర్చున్నప్పుడు యాభై కిలోమీటర్ల వేగం ఎలా ఉంటుందో ఒకసారి నడిపితే తెలుస్తుంది.

అపోహ: బైక్‌కున్న స్ప్రాకెట్లే తెచ్చి పెట్టేస్తే చాలు

స్ప్రాకెట్లంటే చైన్ తిరిగే పళ్ల చక్రాలు. అందరూ ఇక్కడే పొరపాటు పడతారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

18 అంగుళాల రిమ్ ఉన్న బైక్ వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 2 మీటర్లు పోతుంది. కార్ట్‌లకు మామూలుగా వాడే వెనక టైరు వ్యాసం 11 అంగుళాలు, అంటే 28 సెంటీమీటర్లు. అది ఒక్క చుట్టు తిరిగితే 88 సెంటీమీటర్లే. బైక్‌లో ముందు 14 పళ్లు, వెనక 42 పళ్లు ఉన్నాయనుకుందాం. అవే కార్ట్‌కు పెడితే, బైక్ 100 వేగంతో పోయే ఆర్‌పీఎం దగ్గర కార్ట్ 44 మీదే ఆగిపోతుంది. మొదటి గేరు వేసీ వేయకముందే అయిపోతుంది. చక్రం చిన్నదవడంతో నేలను వెనక్కి తోసే బలం రెండింతలు దాటుతుంది కాబట్టి టైరు గిర్రున తిరిగి అరిగిపోతుంది. నడిపేవాళ్లు ఇంజిన్‌లో దమ్ము లేదనుకుని ఇంకా పెద్ద ఇంజిన్ కోసం వెతుకుతారు.

బైక్ గేరింగే కార్ట్‌లోనూ కావాలంటే ముందు 15, వెనక 20 పళ్లు ఉండాలి. చిన్న మైదానంలో తిప్పుకోవడానికి నేను అంతదూరం పోను. ముందు 14, వెనక 28 దగ్గర మొదలుపెడతాను. బైక్ 100 పోయే చోట కార్ట్ 66 పోతుంది, గేర్లన్నీ వాడుకోవచ్చు. వెనక స్ప్రాకెట్ చిన్నదైతే ఇంకో లాభం కూడా ఉంది, కింద రాళ్లకు తగలదు.

మీ ఇంజిన్ లోపలి గేర్ రేషియో తెలియకపోతే ప్లగ్ విప్పేయండి, టాప్ గేరులో పెట్టండి, ముందు స్ప్రాకెట్ మీద సుద్దతో గీత గీయండి. మాగ్నెట్ వైపు నట్‌కు స్పానర్ తగిలించి చేత్తో తిప్పుతూ, గీత మళ్లీ అదే చోటికి వచ్చేసరికి క్రాంక్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. పుస్తకంతో పనిలేదు.

ఇక్కడే ఇంకో మాట. ఇంజిన్ ఎటు తిప్పి పెట్టినా ఒకటే అనుకుంటారు. కాదు. సైలెన్సర్ దారి బాగుంటుందని ముందువైపు వెనక్కి తిప్పి బిగిస్తే, ఐదు గేర్లలోనూ కార్ట్ వెనక్కే పోతుంది. ఫ్రేమ్‌కు మౌంటింగులు వెల్డ్ చేయకముందే ప్లగ్ తీసి, గేరులో కిక్ కొట్టి స్ప్రాకెట్ ఎటు తిరుగుతుందో కళ్లతో చూసుకోండి. మౌంటింగ్ బోల్టులకు గుండ్రని రంధ్రాలు కాకుండా పొడుగాటి గాడులు (స్లాట్లు) పెట్టుకోండి. బైక్‌లో చైన్ బిగించాలంటే చక్రాన్ని జరుపుతాం, కార్ట్‌లో ఇంజిన్‌నే జరపాలి.

అపోహ: ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంటే ఇంజిన్‌కు ఏమీ కాదు

నేను మొదట్లో కట్టిన ఒక కార్ట్‌తో ఖాళీ మైదానంలో కుడివైపు గుండ్రంగా తిరుగుతూ అరగంట ప్రాక్టీస్ చేశాను. ఆ పొద్దున్నే ఆయిల్ చూశాను, నిండుగా ఉంది. దిగేసరికి హెడ్‌లోంచి టకటకా చప్పుడు. మూత విప్పితే, వాల్వులను తెరిచే క్యామ్‌కు అద్దంలా మెరవాల్సిన మొన మీద వేలిగోరు తట్టుకునేంత గీతలు. రాకర్ ఆర్మ్ తగిలే చోట నీలం తిరిగి ఉంది. ఆ ఇంజిన్‌లో ఆయిల్ పీల్చే జాలీ కుడివైపు ఉంది. నేను కుడికి తిరుగుతున్నంతసేపూ ఆయిల్ మొత్తం ఎడమ గోడకు ఎక్కేసింది, పంపు గాలి పీల్చింది. ఆయిల్ అందకపోతే ముందు ఎండిపోయేది అన్నిటికన్నా పైన ఉండే హెడ్డే.

బైక్‌లో ఇలా ఎందుకు జరగదు? నీళ్ల బకెట్‌ను చేత్తో పట్టుకుని గుండ్రంగా తిప్పి చూడండి, నీళ్లు అడుగునే అంటిపెట్టుకుని ఉంటాయి. మలుపులో వాలిన బైక్‌లో ఆయిలూ అంతే. అదే బకెట్‌ను బండిలో పెట్టి మలుపు తిప్పితే నీళ్లు ఒక పక్కకు ఎగబాకుతాయి. కార్ట్ పరిస్థితి అది. పక్కకు లాగే బలం భూమి లాగే బలంతో సమానమైతే ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. మంచి టైర్లున్న కార్ట్‌కు అదేమంత కష్టం కాదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. కేసు విప్పినప్పుడు, ఆయిల్ జాలీ చుట్టూ అడ్డు రేకు బిగించే వీలుందేమో చూస్తాను. ఇంజిన్‌ను బైక్‌లో ఉన్న కోణంలోనే పెడతాను, సీటు కింద పట్టడం లేదని వెనక్కి పడుకోబెట్టను. కోణం మార్చక తప్పకపోతే గేజ్ పుల్లను నమ్మను. మాన్యువల్‌లో చెప్పిన కొలత పోసి, కార్ట్‌ను చదునైన నేల మీద పెట్టి, పుల్ల మీద కొత్త గీత గీసుకుంటాను. ఒకే వైపు గుండ్రంగా తిరిగే ప్రాక్టీస్ మాత్రం మానేశాను.

ఆయిల్ రకం కూడా చూసుకోవాలి. బైక్ క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఇలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉన్నదే పోయండి. జారుడు ఎక్కువ చేసే మందులు కలిపిన కార్ ఆయిల్ పోస్తే, కార్ట్‌లో మామూలుకన్నా ఎక్కువ శ్రమపడే క్లచ్ ఇంకా త్వరగా జారుతుంది.

అపోహ: ఎయిర్ కూల్డ్ ఇంజిన్ కదా, దానంతట అదే చల్లబడుతుంది

గాలి తగిలితే చల్లబడుతుంది. కార్ట్‌లో ఇంజిన్‌కు ముందు సీటు, సీటులో మనిషి వీపు అడ్డం. సీటు వెనక నేరుగా కాకుండా పక్కకు జరిపి, రేకుతో చిన్న గాలి దారి చేసి రెక్కల మీదికి మళ్లించండి. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్‌ను ఊరికే తిరగనివ్వకండి. స్కూటర్ ఇంజిన్ అయితే ఫ్యాను, దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. అందం కోసం ఆ తొడుగు తీసేస్తే ఫ్యాను ఉన్నా లేనట్టే.

అపోహ: డిఫరెన్షియల్ లేకపోతే మలుపు తిరగదు

డిఫరెన్షియల్ అంటే మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక. అసలు రేసింగ్ కార్టుల్లోనే అది ఉండదు. రెండు వెనక చక్రాలూ ఒకే యాక్సిల్‌కు గట్టిగా బిగించి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. మరి ఎలా? లోపలి వెనక చక్రం క్షణంపాటు నేల మీద బరువు తగ్గించుకుంటుంది, ఒక్కోసారి గాల్లోకే లేస్తుంది. ఆ పని చేయించేది స్టీరింగ్. ముందు చక్రం ఏ కడ్డీ చుట్టూ కుడికీ ఎడమకీ తిరుగుతుందో ఆ కింగ్‌పిన్ నిలువుగా కాకుండా పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, దాన్నే క్యాస్టర్ అంటాం. స్టీరింగ్ తిప్పగానే లోపలి ముందు చక్రం కిందికి దిగి ఆ మూలను పైకెత్తుతుంది. బరువు ఐమూలగా బయటి వెనక చక్రం మీదికి పోయి, లోపలి వెనక చక్రం తేలికవుతుంది.

ఇంట్లో కట్టేవాళ్లు కింగ్‌పిన్ నిలువుగా వెల్డ్ చేసి, కార్ట్ తిరగకుండా తిన్నగా తోసుకుపోతుంటే నేరం డిఫరెన్షియల్ లేకపోవడం మీద వేస్తారు. పరీక్ష తేలిక. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, వెనక ఎడమ చక్రం కిందికి కాగితం ముక్క కాస్త దూర్చండి. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు లాగండి, చిరుగుతుంది. ఎడమకు పూర్తిగా తిప్పించి ఇంకో కాగితం లాగండి. క్యాస్టర్ సరిగ్గా ఉంటే మునుపటికన్నా సులువుగా జారి వస్తుంది. రాకపోతే యాక్సిల్ జోలికి పోకుండా ముందుభాగం కోసి, మళ్లీ వెల్డ్ చేయండి.

అపోహ: పైపు ఎంత మందంగా ఉంటే ఫ్రేమ్ అంత మంచిది

సస్పెన్షన్ లేని బండికి ఫ్రేమే సస్పెన్షన్. అది కాస్త మెలితిరగాలి. రేసింగ్ కార్టులు 30, 32 మిల్లీమీటర్ల గుండ్రని పైపుతో, దాదాపు 2 మిల్లీమీటర్ల మందంతో నడుస్తున్నాయి. నీళ్ల పైపు చవకగా దొరుకుతుందని తెచ్చుకోకండి. జింకు పూత ఉన్న పైపును వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, అతుకులోనూ బుడగలు పడతాయి. రంగు కూడా లేని మామూలు స్టీలు పైపే తీసుకోండి. అన్ని మూలలూ టాక్ కొట్టి (చిన్న చుక్కల్లా వెల్డ్ చేసి), ఐమూలలు కొలిచి, అప్పుడే పూర్తి వెల్డింగ్ చేయండి. ఒక మూల మొత్తం ముగించి రెండో మూలకు పోతే, వేడికి ఫ్రేమ్ వంకర పోయి చక్రాలు నాలుగూ ఒకేసారి నేలకు ఆనవు.

అపోహ: సీటు బెల్టు పెడితే భద్రం

రోల్ కేజ్ (బోల్తా పడినా మనిషి నలగకుండా చుట్టూ కట్టే పైపుల పంజరం) లేని కార్ట్‌కు బెల్టు పెట్టకండి. బోల్తా కొడితే మనిషి కార్ట్ నుంచి విడిపోవాలి, దాని కిందే కట్టేసినట్టు ఉండకూడదు. రేసింగ్ కార్టుల్లో బెల్టు లేనిది అందుకే. కేజ్ ఉన్న బండికి మాత్రం బెల్టు తప్పనిసరి. సగం ఇది, సగం అది కుదరదు. రెండిట్లోనూ ముఖమంతా మూసే హెల్మెట్ ఉండాలి. జుట్టు పొడవుగా ఉంటే లోపలికి దోపుకోవాలి, మెడ చుట్టూ ఏ గుడ్డా ఉండకూడదు. వీపు వెనకే తిరుగుతున్న యాక్సిల్‌కు, చైన్‌కు ఒక్క కొస చిక్కితే చాలు. చైన్ మీద రేకు కవర్ లేని కార్ట్‌లో నేను ఎవరినీ కూర్చోనివ్వను.

అపోహ: బైక్ డిస్క్ బ్రేక్ అమర్చేశాం, ఇక బ్రేకుల గురించి చింత లేదు

యాక్సిల్ మీద ఒక్క డిస్క్ రెండు వెనక చక్రాలనూ ఆపుతుంది, చిన్న కార్ట్‌కు అది సరిపోతుంది. కానీ అది యాక్సిల్ మీదే ఉండాలి. ఇంజిన్ వైపు పెడితే, చైన్ తెగిన రోజు బ్రేకూ పోతుంది.

చాలామందికి బ్రేక్ మెత్తగా, స్పాంజిలా ఎందుకుంటుందో అంతుపట్టదు. డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్‌ను బైక్‌లో ఉన్న తీరులో కాకుండా తలకిందులుగా బిగించి ఉంటారు, గాలి తీసే నిప్పిల్ కిందికి పోయి ఉంటుంది. గాలి పైకే పోతుంది కాబట్టి ఎంత పంపు కొట్టినా బయటికి రాదు. క్యాలిపర్ విప్పి, నిప్పిల్ పైకి వచ్చేలా చేత్తో పట్టుకుని, ప్యాడ్ల మధ్య డిస్క్ అంత మందం రేకు పెట్టి గాలి తీసి, మళ్లీ బిగించండి. హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్‌ను పెడల్‌కు వాడుతుంటే దాని ఆయిల్ గిన్నె సమంగా ఉండాలి. ఏటవాలుగా పెడితే అదీ గాలి పీలుస్తుంది.

అపోహ: యాక్సిలరేటర్ పెడల్‌కు కేబుల్ కట్టేస్తే పని అయిపోయినట్టే

కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచే స్లైడ్ కదిలేది చాలా కొద్ది దూరం. కాలు తొక్కేది దానికి ఎన్నో రెట్లు. పెడల్ వెనక గట్టి అడ్డు వెల్డ్ చేయకపోతే కాలి బరువంతా కేబుల్ మీదే పడుతుంది. తీగలు ఒక్కొక్కటే తెగి, పురి విప్పుకుని తొడుగులో ఇరుక్కుంటాయి. అప్పుడు కాలు తీసినా థ్రాటిల్ మూసుకోదు. స్లైడ్ పూర్తిగా తెరుచుకున్న క్షణానికే పెడల్ అడ్డుకు తగలాలి. పెడల్‌కు విడిగా ఒక స్ప్రింగు, కార్బురేటర్‌లో ఉన్నది ఒకటి, రెండూ పనిచేయాలి. స్టీరింగ్ వదలకుండా బొటనవేలితో నొక్కగలిగే కిల్ స్విచ్ ఉండాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు వెనక చక్రాలు నేలకు తగలకుండా కార్ట్‌ను గట్టి స్టాండ్ల మీద ఎత్తి పెట్టండి. చైన్ వరుసలో మనుషులెవరూ నిలబడకూడదు. గేరు వేసి చక్రాలు మెల్లగా తిరుగుతుండగా బ్రేక్ నొక్కండి, థ్రాటిల్ వదలండి, కిల్ స్విచ్ నొక్కండి. మూడూ పదిసార్లు వరసగా పనిచేస్తే కిందికి దించండి. అదీ వాహనాలు, పిల్లలు లేని మూసిన మైదానంలో, రోడ్డు మీద కాదు. పది నిమిషాలు మొదటి, రెండో గేర్లలోనే నడిపి ఆపి, యాక్సిల్ బేరింగుల గ్రబ్ స్క్రూలు, స్ప్రాకెట్ బోల్టులు, టై రాడ్ నట్లు స్పానర్ పెట్టి మళ్లీ చూడండి. నేను కట్టిన ప్రతి కార్ట్‌లోనూ ఆ పది నిమిషాలకు కనీసం ఒక్కటైనా వదులైంది.