మందుకు లొంగని బ్యాచ్

"టీకాలన్నీ టైముకే వేసినాం సార్, అయినా పిల్లలు నిలబడలేదు." చిత్తూరు వైపు బ్రాయిలర్ షెడ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! కొక్కెర తెగులు రాకుండా లాసోటా టీకా వేసిన షెడ్డులోనే ఆ తెగులు వస్తుంది. ఈ-కొలై బాక్టీరియాకి మందు పెడితే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతుంది. రైతు టీకాను అనుమానిస్తాడు, కాదంటే దాణాను. నేను మాత్రం పరీక్షకు కోడిని కోయగానే ముందు బర్సా చూస్తాను.

బర్సా అంటే మలద్వారానికి పైన, లోపలివైపు ఉండే చిన్న సంచి. అది లేని కోళ్లలో జబ్బులతో పోరాడే యాంటీబాడీలు సరిగా తయారు కావని 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్ బయటపెట్టారు. ఆ యాంటీబాడీలను తయారుచేసే బి-కణాల పేరులోని 'బి' ఈ బర్సాదే. కోళ్లకు గంబోరో జబ్బు తెచ్చే వైరస్ సరిగ్గా ఆ కణాలనే నాశనం చేస్తుంది. మూడు వారాలు దాటిన పిల్లలకు సోకితే ముడుచుకుని కూర్చుంటాయి, తెల్లగా పారుకుంటాయి, చస్తాయి. అంతకంటే చిన్నప్పుడు సోకితే పైకి ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఏ టీకా వేసినా సరిగా పట్టదు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

చిక్కంతా రోజుల లెక్కలో ఉంది. సోకిన మూడో రోజుకు బర్సా వాచి, చుట్టూ పసుపు జిగురు పేరుకుంటుంది. ఐదో రోజుకు మామూలు సైజుకు వస్తుంది. ఎనిమిదో రోజుకు మూడో వంతుకు కుదించుకుపోతుంది. ఐదో రోజు కోసినవాళ్లకు అంతా బాగున్నట్టే అనిపించవచ్చు. అందుకే ఒక్క కోడితో తేల్చకూడదు. చచ్చి, ఎండలో బ్యాగులో కుళ్లిపోయిన కోడి కణజాల పరీక్షకు పనికిరాదు. జబ్బుపడి ఇంకా బతికున్న నాలుగైదింటిని, టీకాల తేదీలు రాసిన కాగితంతో సహా తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళమంటాను.

బర్సా ఒక్కటే చూసినా చాలదు. తొడ ఎముక విరిస్తే ఎర్రగా ఉండాల్సిన మజ్జ పాలిపోయిందంటే, తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే చికెన్ అనీమియా వైరస్‌ను అనుమానించాలి. గుడ్ల కోళ్లలో కాలి నరం ఒకవైపు లావెక్కితే మారెక్స్ అనే మరో వైరస్ జబ్బును అనుమానించాలి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషం కూడా బర్సాను కుదిస్తుంది కాబట్టి దాణానూ పరీక్షించాలి.

ఎలీసా అనే రక్త పరీక్షలో గంబోరో యాంటీబాడీలు కనిపిస్తే అవి టీకావో జబ్బువో ఆ పరీక్ష చెప్పదు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీస్తే కొంత తెలుస్తుంది. వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేసి, దాని జన్యుక్రమం చదివితే టీకా రకమో బయటి రకమో తేలుతుంది. ఖర్చనిపిస్తుంది, నిజమే. కానీ గంబోరో వైరస్ కోళ్లన్నిటినీ తీసేసిన షెడ్డులో 122 రోజుల తర్వాత కూడా సోకగలిగే స్థితిలో ఉన్నట్టు తేలింది. అంతలోపే మనం కొత్త పిల్లలను దించేస్తాం.