ఓహ్రిడ్ చర్చి గోడమీది బిషప్ ఎవరివాడు?

యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్న ఉత్తర మాసిడోనియా ఫైలు మళ్లీ ఆగింది. 2024 అక్టోబరులో అల్బేనియాతో చేరిక చర్చల తొలి అధ్యాయాలు తెరిచారు, ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయింది. దేశంలోని బల్గేరియన్లను రాజ్యాంగంలో పేర్కొనాలన్న షరతే ఇప్పుడు పైకి కనిపిస్తున్న పేచీ. దాని అడుగున ఉన్నది పొరుగుదేశం బల్గేరియాతో చరిత్ర తగువు. అందులో 916లో కన్నుమూసిన ఒక బిషప్ కూడా ఇరుక్కున్నాడు.

ఆయన ఓహ్రిడ్ క్లెమెంట్. ఓహ్రిడ్ నేటి ఉత్తర మాసిడోనియాలోని ఊరు. స్లావులకు అక్షరాలిచ్చిన సిరిల్, మెథోడియస్‌ల శిష్యుడు. ఆ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి వదిలేద్దాం.

ఓహ్రిడ్‌లోని పెరివ్లెప్తా చర్చిలో ఆయన బొమ్మ ఉంది. 1295 నాటి కుడ్యచిత్రం, గీసినవాళ్లు మిఖాయిల్ అస్త్రపాస్, యూటిఖియోస్. విశాలమైన నుదురు, గడ్డం, భుజాల మీద సిలువలున్న బిషప్ వస్త్రం. పక్కనే ఓహ్రిడ్ చర్చి పీఠానికి చెందిన ఆర్చిబిషప్ కాన్‌స్టంటైన్ కబసిలాస్. గోడమీది రాతలన్నీ గ్రీకు. చర్చి కట్టించిన ప్రోగన్ స్గూరోస్ బైజాంటైన్ అధికారి. నేడు రెండు స్లావ్ దేశాలు మావాడంటే మావాడని పట్టుబట్టే మనిషిని అక్కడ నిలబెట్టింది గ్రీకు ప్రపంచమే.

ఎందుకు నిలబెట్టారన్నదే అసలు మలుపు. అందుకోసం కొన్ని దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి. 1204లో క్రూసేడర్లు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు, పేట్రియార్క్ పీఠం నైసియాకు తరలింది. ఇదే అదనుగా ఓహ్రిడ్ ఆర్చిబిషప్ డెమెత్రియోస్ హోమాటెనోస్ తన పీఠం ఎవరికీ తీసిపోదన్నాడు. గ్రీకు పాలకుడు థియోడోర్ దూకాస్‌కు థెస్సలోనికిలో తానే చక్రవర్తి కిరీటం పెట్టాడు. ఇంత ధీమా చూపే పీఠానికి పాత మూలపురుషుడు కావాలి కదా. ఆయన క్లెమెంట్ జీవితచరిత్ర రాశాడు. అందులోనే ఆ వాక్యం ఉంది: క్లెమెంట్ యూరప్‌లోని మీసియన్ల వంశంవాడు, వాళ్లనే జనం బల్గేరియన్లంటారు.

బల్గేరియా రాజధాని సోఫియాలోని చరిత్రకారులు ఈ వాక్యాన్ని ఊరికే వదలరు. రాసినవాడు గ్రీకు. బల్గేరియన్లను పొగడాల్సిన అవసరం ఆయనకు లేదు. అంతకు ముందే, 11వ శతాబ్దం చివర, ఓహ్రిడ్‌లోనే ఆర్చిబిషప్‌గా ఉన్న థియోఫిలాక్ట్ కూడా క్లెమెంట్‌ను బల్గేరియన్ భాషకు తొలి బిషప్ అన్నాడు. ఉత్తరాల్లో తన చర్చి భక్తులను చీదరించుకున్న మనిషి ఆయన! 893లో క్లెమెంట్‌ను బిషప్‌గా నియమించింది బల్గేరియా పాలకుడు సిమియోన్ అన్నది మరో ఆధారం.

స్కోప్యే మాట వేరు. నాటి పేర్లకు నేటి జాతుల అర్థం అంటగట్టకూడదని, మాసిడోనియన్ సంస్కృతి క్లెమెంట్ నడిపిన ఓహ్రిడ్ బడి నుంచే ఎదిగిందని అంటారు.

2017లో కుదిరిన స్నేహ ఒప్పందం ప్రకారం రెండు దేశాల చరిత్రకారులతో ఉమ్మడి కమిషన్ వేశారు. పాఠ్యపుస్తకాల్లో ఏముండాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. 2020 నవంబరులో ఉత్తర మాసిడోనియా చేరిక చర్చలకు బల్గేరియా వీటో వేసింది. పండితులు నిదానంగా తేల్చుకోవాల్సిన ప్రశ్న అలా బ్రస్సెల్స్ టేబుల్ మీదికి వచ్చిపడింది. 2022 వేసవిలో వీటో తొలగింది, ఆ ఆగస్టులో క్లెమెంట్‌ను ఇరు దేశాలూ కలిసి స్మరించుకోవచ్చన్న కమిషన్ సిఫార్సు బయటికొచ్చింది. బదులుగా రాజ్యాంగ సవరణ షరతు మిగిలింది.

సోఫియా విశ్వవిద్యాలయానికి క్లెమెంట్ పేరే, ఉత్తర మాసిడోనియాలోని బితోలా విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. డిసెంబరు 8న ఉత్తర మాసిడోనియాలో ఆయన పేరిట సెలవు. బల్గేరియా విద్యార్థులు పండగ చేసుకునేదీ ఆ రోజే. వాళ్ల చర్చి క్యాలెండర్ మార్చి ఆయన దినాన్ని నవంబరు 25కు జరిపింది కానీ, పిల్లలు పార్టీని మాత్రం జరపలేదు.