హైదరాబాద్‌లో గూడు: జీవోలు బోలెడు, చట్టం ఏది?

2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ పరిసరాల్లోని మూసీ ఒడ్డు బస్తీల్లో ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసి వెళ్లారు. ఇల్లు నది గర్భంలో ఉంది, తీసేస్తాం అన్నమాట. ఖాళీ చేసినవాళ్లకు డబుల్ బెడ్రూం ఇళ్లు ఇస్తామన్నారు, కొందరికి ఇచ్చారు కూడా. కానీ పట్టా లేని గుడిసె కూల్చాలంటే ముందు మరో ఇల్లు చూపించాలని నేరుగా చెప్పే గృహ హక్కు చట్టం మన దగ్గర లేదు. ఇచ్చింది సర్కారు మాట మీద, అంతే.

మూసీతో ఈ ముడి పాతదే. 1908 సెప్టెంబరు వరదలో ఒడ్డున ఉన్న పేదల ఇళ్లే ఎక్కువ కొట్టుకుపోయాయి. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలను తీసేయడం, పేదలకు ఇళ్లు కట్టడం రెండూ దాని పనులే. 1956లో మురికివాడల మెరుగుదల కోసం భూసేకరణ చట్టం వచ్చింది. 1967లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు బస్తీని కూల్చకుండా ఉన్నచోటే బాగుచేసే పద్ధతి పట్టింది. నా లెక్కలో నగరం చేసిన మంచి పనుల్లో అదొకటి.

అసలు ఆశ పెట్టింది 1976 నాటి పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం. హైదరాబాద్‌లో ఒకరి చేతిలో ఖాళీ స్థలం వెయ్యి చదరపు మీటర్లకు మించకూడదు. మిగులు సర్కారుది, అందులో పేదలకు ఇళ్లు. కాగితం మీద బ్రహ్మాండం. కానీ అందులోనే మినహాయింపుల సెక్షనూ ఉంది. పెద్ద పెద్ద స్థలాలు చాలావరకు ఆ దారినే బయటపడ్డాయి, మిగతావి కోర్టుల్లో నానాయి. 1999లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దును ఒప్పుకుంది. ఎందుకంటే నగరాల అభివృద్ధికి కేంద్రం 2005లో తెచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం నిధులకు అదొక షరతు. అదే పథకం కొత్త హౌసింగ్ ప్రాజెక్టుల్లో 20-25 శాతం అభివృద్ధి చేసిన భూమి పేదలకు కేటాయించమనీ చెప్పింది. దాని మీద మాత్రం ఎవరూ అంత తొందర పడలేదు.

ఇక ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ల సంగతి. వాళ్లను చట్టం చాలాకాలం 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం కళ్లతోనే చూసింది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సు ముందు నగరంలో బిచ్చమెత్తడాన్ని నిషేధించి, దొరికినవాళ్లను జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు.

దారి కాస్త మారిందంటే కోర్టుల వల్లే. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు జోక్యంతో పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టరు ఒకటి, 24 గంటలూ తెరిచి ఉండాలన్న లెక్క వచ్చింది. 2011 జనాభా ప్రకారం గ్రేటర్ హైదరాబాద్‌కు 67 దాకా కావాలి. దరిదాపులకు కూడా వెళ్లలేదు. పైగా ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల బయట దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లలో చాలామంది జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు. వాళ్లకూ ఈ షెల్టర్లే దిక్కు.

తెలంగాణ వచ్చాక 2014లో 58వ నంబరు జీవోతో సర్కారు స్థలాల్లో కట్టుకున్న 125 గజాల లోపు ఇళ్లను పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్రూం ఇళ్లిచ్చారు. పాత బస్తీ ఉన్నచోటే కట్టారు కాబట్టి అది బాగా కుదిరింది. 2023లో కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు తెరిచారు. ఇళ్లు బాగున్నాయి, కానీ నగరంలో ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లకు అవుటర్ రింగ్ రోడ్డు అవతలి నుంచి రోజూ బస్సు టెన్షనే. 2024లో మళ్లీ ఇందిరమ్మ ఇళ్లు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, జాబితా మొదటికొస్తుంది.

అందుకే గూడుకు హక్కు ఇచ్చే చట్టం కావాలన్న డిమాండ్. నమూనా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా బండిని తొలగించకూడదు, తర్వాత తొలగించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. కోఠిలో బండికి ఉన్న ఈ రక్షణను దాని పక్కన రాత్రి పడుకునే మనిషికీ, మూసీ ఒడ్డు ఇంటికీ రాసివ్వమనే అడుగుతున్నది: ముందు సర్వే, తర్వాత నోటీసు, పనిచేసే చోటికి దగ్గర్లో ఇల్లు, అప్పీలు చేసుకోవడానికి ఒక అధికారి.