నేల కింది ఆవిరితో కరెంటు

చిన్నీ, బుజ్జీ,

బొగ్గు కాల్చకుండా భూమి వేడితో కరెంటు ఎలా తీస్తారని మొన్న అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

మన పలాసలో జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర వాల్వు కాస్త వదులైతే ఆవిరి ఎలా బుస్సుమంటుందో చూశారుగా. కరెంటు కేంద్రంలో టర్బైన్‌ని, అంటే రెక్కలున్న పెద్ద చక్రాన్ని, తిప్పేది ఆ జోరే. పరవాడ దగ్గర సింహాద్రి కరెంటు కేంద్రంలోనూ ఆవిరే తిప్పుతుంది, కాకపోతే అక్కడ బొగ్గు మండించాలి.

నేల లోపలికి పోయేకొద్దీ మామూలుగా కిలోమీటరుకు 25–30 డిగ్రీల వేడి పెరుగుతుంది. ఐస్‌లాండ్, ఇండోనేషియా లాంటి అగ్నిపర్వతాల చోట్ల ఇంకా తొందరగా పెరుగుతుంది. అక్కడ లోతుగా బోరు వేస్తే 200 డిగ్రీలు దాటిన నీళ్లు తగులుతాయి. అంత వేడిలో మరగవా అంటారేమో, లోపలి ఒత్తిడి మరగనివ్వదు. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, కొంత నీరు ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరిలో నీటి తుంపర లేకుండా చూడాలి. ఉంటే ఆ వేగానికి చుక్కలే టర్బైన్ రెక్కల్ని కొట్టి కొట్టి తినేస్తాయి.

రెక్కలు వరసలు వరసలుగా ఉంటాయి. పోయేకొద్దీ ఆవిరి వ్యాకోచించి ఎక్కువ చోటు అడుగుతుంది, అందుకే వెనక వరసల రెక్కలు పొడుగ్గా ఉంటాయి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు షాఫ్ట్, అంటే ఆ రెక్కలు బిగించిన ఇరుసు, సాధారణంగా నిమిషానికి 3,000 సార్లు తిరగాలి. దాని రెండో కొసన జనరేటర్. రాగి చుట్టల మధ్య అయస్కాంతం తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతే ఇది, మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది.

నాకు మాత్రం ముద్దొచ్చేది కండెన్సర్. పాపం, దాన్నెవరూ పట్టించుకోరు! పని అయిపోయిన ఆవిరిని అక్కడ చల్లబరుస్తారు. మామూలు గాలి పీడనం దగ్గర ఆవిరి నీరైతే సుమారు 1,600 వంతుల్లో ఒక వంతు చోటే పడుతుంది. అలా కండెన్సర్‌లో దాదాపు శూన్యం ఏర్పడుతుంది. వెనక అడ్డు లేకపోయేసరికి ముందున్న ఆవిరి మరింత జోరుగా దూకుతుంది. మిగిలిన నీళ్లను చాలాచోట్ల వేరే బోరులోంచి మళ్లీ భూమిలోకే పంపుతారు. లేకపోతే కొన్నేళ్లకు ఒత్తిడి పడిపోతుంది.

ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో ఇలా ఐదు బల్బులు వెలిగించారు. 1913కల్లా 250 కిలోవాట్ల కేంద్రమే వచ్చింది. మన దేశంలో అందరి చూపూ లద్దాఖ్‌లోని పూగా లోయ మీద ఉంది. మన తూర్పు కనుమల రాళ్లు మాత్రం ఎప్పుడో చల్లారినవి. కాబట్టి పెరట్లో బోరు వేయించమని మీ నాన్నని పీడించకండి.

మీ తాత