ఫీనిక్స్‌ను ఎవరు చంపారు? ఒక మారిన ముగింపు వెనక కథ

విజయనగరంలో కామిక్స్ చదివే కుర్రాళ్ళ మధ్య ఒక వాదన ఎప్పటికీ తెగదు. అమెరికాలో మార్వెల్ సంస్థ వేసే ఎక్స్‌మెన్ అనే సూపర్‌హీరోల జట్టు కథలో, దారితప్పిన జీన్ గ్రే అనే హీరోయిన్, అంటే డార్క్ ఫీనిక్స్, చనిపోయే ముగింపు అసలైనదా, ముందు గీసి పక్కన పెట్టేసినది అసలైనదా అని. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ, "ఒరే, రాసినోడు ముందు ఏటి రాసేడో అదే కదా అసలుది?" అంటాడొకడు. "అచ్చయిందే అసలుది, మిగతాదంతా చిత్తు కాగితం" అంటాడు ఇంకొకడు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. కానీ ఆ ముగింపు ఎందుకు మారిందో తెలియకుండా వాదించుకుంటే తెల్లారిపోవడమే తప్ప తేలేదేమీ లేదు.

కామిక్స్‌లో విలన్ చావు మొదటినుంచీ రచయిత ఒక్కడి చేతిలో లేదు. 1940లో బ్యాట్‌మ్యాన్ మొదటి సంచికలోనే జోకర్ చనిపోవాల్సింది. పెనుగులాటలో తన కత్తి తనకే గుచ్చుకుని పడిపోతాడు. రచయిత బిల్ ఫింగర్ లెక్కలో వాడి కథ అక్కడితో సరి. ఒకే దుర్మార్గుడు మళ్ళీ మళ్ళీ వస్తుంటే హీరో చేతకానివాడిలా కనిపిస్తాడని ఆయన బెంగ. సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్‌కి మాత్రం అంత మంచి విలన్ని ఒక్క సంచికతో పారేసుకోవడం నచ్చలేదు. వాడు బతికే ఉన్నాడని డాక్టరు చెప్పే బొమ్మ ఒకటి చివర్లో హడావిడిగా చేర్పించారు. ఎనభై ఏళ్ళు దాటినా జోకర్ జనాన్ని చంపుతూనే ఉన్నాడంటే అదంతా ఆ ఒక్క గడి చలవే.

1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. దాని పేరు కామిక్స్ కోడ్. ప్రతి కథలోనూ చెడు మీద మంచి గెలవాలి, నేరం చేసినవాడికి శిక్ష పడాలి అన్నది అందులో ఒక షరతు. రచయితలు ఊరుకుంటారా? 'ఇది ఊహా కథ' అని ముందే చెప్పేసి, మామూలు కథల్లో కుదరనివి రాయడం మొదలెట్టారు. 1961లో వచ్చిన అలాంటి కథలో సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ మంచివాడిగా మారినట్టు నటించి సూపర్‌మ్యాన్‌ని నిజంగానే చంపేస్తాడు. సూపర్‌మ్యాన్ సొంత గ్రహానికి చెందిన కాండోర్ నగరవాసులు వాణ్ణి విచారించి, వాడు పెట్టిన బేరానికి లొంగకుండా ఫాంటమ్ జోన్ అనే జైలులాంటి లోకానికి పంపేస్తారు. ఊహా కథలో కూడా శిక్ష తప్పలేదన్నమాట. 1977లో మార్వెల్ సంస్థ 'వాట్ ఇఫ్' పేరుతో ఇలాంటి ప్రత్యామ్నాయ కథలకే ఒక పత్రిక పెట్టింది.

ఇక ఫీనిక్స్. జీన్ గ్రే 1963 నుంచీ ఉన్న పాత్ర, పైగా హీరోల పక్షం. ఆమెకు విశ్వాన్నే మింగేయగల శక్తి వచ్చింది. మాస్టర్‌మైండ్ అనే మాయగాడు ఆమె మనసులో దూరి ఆడుకున్నాడు. దాంతో కట్టలు తెగి డార్క్ ఫీనిక్స్ అయింది. 1980లో వచ్చిన ఎక్స్‌మెన్ 135వ సంచికలో ఆమె ఆకలి తీర్చుకోవడానికి ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే డిబారీ గ్రహం మీద ఉన్న 500 కోట్ల మంది మాడిపోయారు. కథలో ఇది కొన్ని గడుల్లో అయిపోతుంది. గొడవంతా మాత్రం ఆ కొన్ని గడుల దగ్గరే మొదలైంది.

రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ ముందు అనుకున్న ముగింపు వేరు. షియార్ అనే గ్రహాంతరవాసుల సామ్రాజ్యం ఆమెకు శిక్ష వేస్తుంది, ఆమె ప్రాణం కోసం ఎక్స్‌మెన్ చంద్రుడి మీద పోరాడి ఓడిపోతారు. అప్పుడు షియార్ వాళ్ళు ఒక యంత్రంతో ఆమె శక్తులన్నీ పీకేస్తారు. జీన్ మామూలు మనిషిగా, తను ప్రేమించిన ఎక్స్‌మెన్ హీరో స్కాట్‌తో కలిసి భూమికి తిరిగొస్తుంది. ఈ 137వ సంచికను ఇలాగే గీసి సిద్ధం చేశారు కూడా.

అప్పుడు ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ అడ్డు చెప్పారు. ఒక జాతినంతా తుడిచిపెట్టిన మనిషి శక్తులు పోగొట్టుకుని హాయిగా ఇంటికెళ్ళిపోవడం ఏమిటన్నది ఆయన ప్రశ్న. యావజ్జీవం జైల్లో పెట్టండి అన్నారు. అలా పెడితే ఎక్స్‌మెన్ ఊరుకోరు, ఆమెను విడిపించే ప్రయత్నాలతోనే పత్రిక నిండిపోతుందని రచయిత వైపు నుంచి జవాబు. మిగిలింది చావొక్కటే. చివరి పేజీలు మళ్ళీ గీశారు. అచ్చయిన కథలో జీన్‌లో ఫీనిక్స్ మళ్ళీ తల ఎత్తుతుంది. తనను తాను ఆపుకోలేనని గ్రహించి, చంద్రుడి మీద ఎప్పటిదో పాత ఆయుధం ముందు నిలబడి స్కాట్ కళ్ళెదుటే బూడిదైపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది, రెండు ముగింపుల మధ్య తేడా చావా బతుకా అన్నది మాత్రమే కాదు. మొదటి ముగింపు రాసినవాళ్ళకి ఆమె ఒక జబ్బు మనిషి. ఎవడో మనసు పాడుచేశాడు, వైద్యం చేస్తే బాగవుతుంది. షూటర్‌కి ఆమె హంతకురాలు. ఒకే పని చేసిన ఒకే మనిషి, తూచిన తక్కెడలు మాత్రం రెండు. దేనితో తూస్తే ఆ ముగింపు వస్తుంది.

మన జిల్లావాళ్ళకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డాడు, కోట నాశనమైంది. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. బొబ్బిలి బుర్రకథలో అది దుర్మార్గుడికి పడిన శిక్ష. విజయనగరంలో అది రాజు హత్య. మధ్యలో రెండు గంటలు కూడా పట్టని బస్సు ప్రయాణం. జరిగిన చావుని మార్చలేం కాబట్టి మనవాళ్ళు విలన్ని మార్చుకున్నారు. కామిక్స్ వాళ్ళకి ఆ ఇబ్బంది లేదు, చావునే మార్చేసుకున్నారు.

వద్దన్న ముగింపు చెత్తబుట్టలోకి పోలేదు. 1981లో 'వాట్ ఇఫ్' 27వ సంచిక ఫీనిక్స్ చనిపోకపోతే ఏమయ్యేదో చూపించింది. శక్తులు మళ్ళీ తిరిగొస్తాయి, ఆకలీ తిరిగొస్తుంది, చివరికి సొంత మనుషులతో సహా అంతా నాశనం. సంపాదకుడి నిర్ణయమే సరైనదని పాఠకులకి నచ్చజెప్పడానికి రాసినట్టుంటుంది నాకైతే. 1984లో అసలు గీసిన పేజీలనే 'ఫీనిక్స్: ది అన్‌టోల్డ్ స్టోరీ' పేరుతో మార్వెల్ అచ్చేసి అమ్ముకుంది. గురజాడ 1897 నాటి కన్యాశుల్కాన్ని తానే తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్ళీ వేశారు. అది రచయిత మనసు మార్చుకోవడం. ఇక్కడ మనసు మార్చుకున్నది ఆఫీసు, మూల్యం చెల్లించింది పాత్ర, రెండు వైపులా డబ్బు వచ్చింది ప్రచురణకర్తకి.

అయినా అసలు తిరకాసు 1986లో జరిగింది. ఎక్స్-ఫ్యాక్టర్ అనే కొత్త మార్వెల్ పత్రికకు ఎక్స్‌మెన్ మొదటి జట్టు కావాలి, అందులో జీన్ ఉండాలి. ఆ 500 కోట్ల చావుల మచ్చ ఆమెకు అంటకుండా ఉంటేనే తిరిగి రావాలి. అప్పటికి కొత్తగా రంగంలోకి వచ్చిన రచయిత కర్ట్ బ్యూసిక్ ఆలోచన ఇక్కడ పనికొచ్చింది. నక్షత్రాన్ని మింగింది, చంద్రుడి మీద చనిపోయింది జీన్ కానే కాదు, ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ శక్తి. అసలు జీన్ ఇంతకాలం జమైకా బే నీళ్ళ అడుగున ఒక గూటిలో నిద్రపోతోంది. అంటే నేరం ఆమెది కాదని తేల్చి, తర్వాతే బతికించారు. 1980లో నడిచిన తర్కమే ఇది, తలకిందులుగా.

ఆ సర్దుబాటు తెలివైనదే కానీ, 137వ సంచిక చివర్లో జీన్ తనంతట తానే తీసుకున్న నిర్ణయం దానివల్ల ఎవరిదో అయిపోయింది. ఆ పేజీలు చదివి ఏడ్చినవాళ్ళు దాన్ని మోసం అనడంలో నాకు అతి ఏమీ కనిపించదు. ఇప్పుడు కొత్తగా చదివేవాళ్ళు ముందు 135, 136, 137 వరసగా చదివి, కొన్నాళ్ళు ఆగి 1984 పుస్తకం పట్టుకోవడం మంచిది. 1986 కథ జోలికి తర్వాతెప్పుడో వెళ్ళినా నష్టం లేదు.