పాత జిప్సీని ఇంటి దగ్గరే బాగు చేసుకునేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

వారంలో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తారు నాకు, అన్నా జిప్సీ కొన్నాను, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ ఏది వెయ్యాలి, టైర్లు ఏ సైజు పట్టిద్దాం అని. నేను తిరిగి అడిగేది ఒకటే, కింద పడుకుని బండిని ఒకసారి చూశావా తమ్ముడూ అని. చాలామంది చూసి ఉండరు. మారుతి జిప్సీ 1985 డిసెంబర్‌లో వచ్చింది, అప్పుడు 970 సీసీ ఇంజిను, నాలుగు గేర్లు. 1996లో 1.3 లీటర్ ఇంజిన్‌తో జిప్సీ కింగ్ వచ్చింది, తర్వాత ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందించే పద్ధతి) అయ్యి 80 హార్స్‌పవర్‌కి చేరింది, 2019లో మనలాంటి వాళ్లకి అమ్మడం ఆగిపోయింది. కాబట్టి మన చేతికొచ్చే బండి చాలావరకు ఇరవై పాతికేళ్లదే, రబ్బరు ఎండిపోయి, బేరింగులు అరిగి, సీళ్లు కారుతూ ఉంటుంది. మంచి బండి అండి అది, గట్టి చాసిస్, ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే గట్టి యాక్సిల్, నాలుగు మూలలా కమాన్ కట్టలు, బరువు వెయ్యి కిలోలకి అటూ ఇటూ, అందుకే ఒక మంచి పానాల సెట్టు, ఓపిక ఉంటే సగం పైన పని ఇంట్లోనే అవుతుంది. నేను వైజాగ్‌లో పదిహేనేళ్లుగా ఈ బండ్ల మీదే పని చేస్తున్నా, మొదట షెడ్డులో, ఇప్పుడు ఇంటి వెనక రేకుల కింద. ఎక్కువగా వినపడే మాటలు, వాటిలో ఎంత నిజముందో రాస్తున్నా.

అపోహ: పాత జిప్సీకి స్టీరింగ్ వణకడం మామూలే, డాంపర్ వేస్తే పోతుంది.

ఈ ఒక్క మాట వల్ల పోయినంత డబ్బు ఇంకెక్కడా పోలేదు. 60 దాటగానే, లేదా చిన్న గుంటలో పడగానే స్టీరింగ్ రెండు చేతులూ ఊపేస్తుంది, బ్రేక్ కొట్టి దాదాపు ఆపితే గానీ తగ్గదు. వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తారు, అలైన్‌మెంట్ చేయిస్తారు, చివరికి డాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) వేస్తారు. డాంపర్ వేస్తే ఊపు తెలియదు, అంతే, కారణం లోపలే ఉంటుంది, ఇంకా అరుగుతూనే ఉంటుంది. నర్సీపట్నం నుంచి ఒక తమ్ముడు బండి తెచ్చాడు, ఒక షెడ్డులో డాంపర్ వేయించుకుని రెండు నెలలు బానే తిరిగాడట, ఘాట్ దిగుతుంటే మళ్లీ మొదలైంది. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కిటకిట ఆడుతోంది, ఇంకొకర్ని బ్రేక్ తొక్కి పట్టమన్నా, అయినా ఆడుతోంది. బ్రేక్ తొక్కినప్పుడు ఆట ఆగిపోతే అది వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్ బేరింగ్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం అటూ ఇటూ తిరిగే చోట ఉండేది), ఇది గుర్తుపెట్టుకోండి.

విప్పాం. నకిల్ (యాక్సిల్ చివర చక్రాన్ని పట్టుకుని తిరిగే భాగం) వెనక సీల్ పట్టీ తియ్యగానే గ్రీజు రావాల్సిన చోట నల్లగా రాగి జావలా కారింది, గేర్ ఆయిల్ వాసన ముక్కులకి కొట్టింది. యాక్సిల్ లోపలి ఆయిల్ సీల్ పోయి డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆయిల్ వచ్చి గ్రీజుని కడిగేసింది, కడిగేశాక బేరింగ్ ఎండిపోయి తుప్పు పట్టింది. బేరింగ్ కప్పు తుడిచి వేలితో రాస్తే గోరుకి తగిలేలా వరుసగా గుంటలు, సరిగ్గా స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు కూర్చునే చోట. అందుకే తిన్నగా పోతున్నప్పుడు వదులు, తిప్పితే బిగువు. బండికి మొత్తం 4 కింగ్ పిన్ బేరింగులు, పక్కకి రెండు. నాలుగూ ఒకేసారి మార్చాలి, వాటితోపాటు లోపలి ఆయిల్ సీలు, బయటి నకిల్ సీలు కూడా, ఎందుకంటే సీలు పాతదే ఉంచితే కొత్త బేరింగ్‌కి కూడా అదే గతి. పై పిన్ను, కింద పిన్ను కలిపేయకుండా, వాటి కింద ఉండే పల్చటి రేకు బిళ్లలు (షిమ్ములు) ఏవి ఎక్కడివో కాగితం మీద రాసి పెట్టుకోండి. బిగించాక బిగువు సరిపోయిందో లేదో చూడ్డానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి, లెక్క మాన్యువల్‌లో ఉంటుంది, చేత్తో ఊహించి వదిలేయొద్దు. మొదటిసారి చేసేవాళ్లకి రెండు వైపులా కలిపి రెండు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. ఆ తమ్ముడి బండికి పని అయ్యాక డాంపర్ తీసేసి చూపించా, 80లో వేళ్లతో పట్టుకుంటే చాలు.

ఇది చేశాక కూడా ఊగితే టై రాడ్ ఎండ్లు, కమాన్ బుష్షులు, స్టీరింగ్ బాక్స్ బిగింపు, ఆ వరుసలో చూడండి.

అపోహ: మొదటి అప్‌గ్రేడ్ అంటే లిఫ్ట్, పెద్ద టైర్లు.

చాలా బండ్లకి కంపెనీ టైరు 205/70 ఆర్15, దాని ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. అందరూ అడిగే 235/75 ఆర్15 ఎత్తు సుమారు 734. తేడా దాదాపు 10 శాతం, అంటే మీటర్ 60 చూపిస్తుంటే మీరు 66లో పోతున్నారు. నేలకీ బండికీ మధ్య ఖాళీ (క్లియరెన్స్) పెరిగేది టైరు తేడాలో సగమే, 33 మిల్లీమీటర్లు. దానికి బదులుగా ఇచ్చేది ఏంటంటే ప్రతి గేరూ పది శాతం బరువెక్కుతుంది, చిన్న పెట్రోల్ ఇంజిను కాబట్టి అనంతగిరి ఘాట్‌లో మూడో గేరులో ఎక్కేది రెండులో ఎక్కాల్సొస్తుంది, బ్రేకులు ఎక్కువ దూరం తీసుకుంటాయి, పైన చెప్పిన కింగ్ పిన్ బేరింగుల మీద భారం పెరుగుతుంది. కావాలనుకుంటే 215/75 ఆర్15 ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే టైరు) వేయండి, తేడా 5 శాతం, బండి మోస్తుంది. నా మట్టుకు నేను చాలామందికి కంపెనీ సైజులోనే మంచి ట్రెడ్ ఉన్న టైరు వేయించా, బురదలో గాలి 18 పీఎస్ఐకి దింపి నడపడం నేర్పించా, లిఫ్ట్ మాట మళ్లీ ఎత్తలేదు వాళ్లు. రోడ్డెక్కేముందు గాలి మళ్లీ నింపుకోవాలి, అందుకని చిన్న కంప్రెసర్ కొనుక్కోండి, లిఫ్ట్ కిట్ కన్నా పది రెట్లు పనికొస్తుంది.

పొడుగు షాకిల్ (కమాన్ కట్టని చాసిస్‌కి తగిలించే పట్టీ) వేసి చవగ్గా ఎత్తడం మాత్రం అస్సలు వద్దు. ముందు యాక్సిల్ కోణం తిరిగిపోయి బండి రోడ్డు మీద అటూ ఇటూ పోతుంది, బ్రేక్ గొట్టం లాగుకుపోతుంది. ఎత్తు తగ్గిన బండి అయితే ముందు అరిగిన కమాన్ కట్టలు మార్చి బుష్షులు కొత్తవి వేయండి, కోల్పోయిన ఎత్తు దానంతట అదే తిరిగొస్తుంది, చాలామంది అదే లిఫ్ట్ అనుకుంటారు.

అపోహ: ఫోర్ వీల్‌లో ఉంచితే ఎప్పుడైనా గ్రిప్ ఎక్కువే. దీనికి ఎదురుగా ఇంకోటి, ఫోర్ వీల్ వాడితే అరిగిపోతుంది, ముట్టుకోవద్దు.

రెండూ తప్పే. జిప్సీలో ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ మధ్య డిఫరెన్షియల్ లేదు, 4హెచ్ (మామూలు వేగానికి ఫోర్ వీల్) వేస్తే రెండూ ఒకటిగా తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, మట్టిలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది, ఎండిన తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె), షాఫ్టుల్లో బిగుసుకుంటుంది, తర్వాత లివర్ టూ వీల్‌కి రాదు. అలా ఇరుక్కుంటే లివర్‌ని గుంజొద్దు, పది అడుగులు రివర్స్ తీసుకోండి, దానంతటదే వదులుతుంది. అసలు వాడకుండా మూలన పెడితే లోపల పై భాగాలకి ఆయిల్ అందక, లివర్ పట్టేస్తుంది, నెలకోసారైనా మట్టి దారిలో ఒక రెండు మూడు కిలోమీటర్లు 4హెచ్, కాసేపు 4ఎల్ (తక్కువ వేగం, ఎక్కువ బలం) నడపండి.

అపోహ: తుప్పుకి పుట్టీ పెట్టి రంగేస్తే అయిపోయింది.

సముద్రం పక్క ఊళ్లలో ఉన్నవాళ్లం కాబట్టి ఇది నాకు మనసుకి దగ్గర విషయం. రంగు కింద తుప్పు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ఆర్నెల్లలో బుడగలా లేస్తుంది. మ్యాట్లు తీసి ఫ్లోర్ చూడండి, తర్వాత కింద దూరి చిన్న సుత్తితో చాసిస్ అంతా మెల్లగా తట్టుకుంటూ రండి, ముఖ్యంగా కమాన్ కట్ట చాసిస్‌కి తగిలే చోట. ఖంగుమని మోగితే మంచి ఇనుము, డప్పుమని చచ్చిన శబ్దం వస్తే లోపల పొరలు ఊడాయని. చాసిస్ పెట్టె ఆకారం కాబట్టి లోపల నుంచే తింటుంది, నీళ్లు పోవాల్సిన కన్నాలు బురదతో మూసుకుపోయి ఉంటాయి, తీగతో పొడిచి నీళ్లతో కడిగి, బాగా ఆరాక లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా కాపాడే మైనం) కొట్టండి. ఫ్లోర్ రేకు కోసి కొత్త రేకు అతికించడం నేర్చుకున్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు, చాసిస్ వెల్డింగ్ మాత్రం చెయ్యి తిరిగిన వాళ్లకే ఇవ్వండి, ప్రాణం దాని మీద ఉంటుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ విప్పాలి, ఎంపీఎఫ్ఐ అయితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కనెక్టర్ కూడా, వెనక భాగంలో పని అయితే పెట్రోల్ ట్యాంకు దించేయాలి.

అపోహ: గేర్ ఆయిల్ ఏదైనా 90 నంబరే కదా.

కాదు. గేర్ బాక్సుకి జీఎల్-4 రకం ఆయిల్, డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రకం. జీఎల్-5లో ఉండే రసాయనాలు చాలా రకాల్లో గేర్ బాక్స్ లోపల గేరు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకి పడవు, కొన్నాళ్లకి రెండో గేరు గరగరమంటుంది. డబ్బా వెనక చదవండి, షాపతని మాట కాదు. డ్రెయిన్ ప్లగ్ విప్పేముందు పైన నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి, కింద ఖాళీ చేసేశాక పైది రాకపోతే బండి కదలదు.

అపోహ: ఇంజిన్ బావుంటే పెట్రోల్ గొట్టాలు ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు బంకుల్లో పోస్తోంది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన బండి పాత రబ్బరు దానికోసం తయారైంది కాదు. ఇథనాల్ తగిలి పాత రబ్బరు మెత్తబడుతుంది, ఉబ్బుతుంది, ఆగి ఉన్నప్పుడు ఎండి పగుళ్లిస్తుంది. గొట్టాన్ని వంచి చూడండి, సన్నటి గీతలు కనిపిస్తే ఆ రోజే మార్చండి, ఆ చుక్క పడేది వేడి ఇంజిన్ మీద. ట్యాంకు నుంచి ఇంజిను దాకా మొత్తం ఇథనాల్ తట్టుకునే గొట్టం వేయండి, ఎంపీఎఫ్ఐ వాళ్లు ఇంజెక్షన్ ప్రెషర్‌కి తయారైన గొట్టమే వేయాలి, మామూలుది పగిలిపోతుంది. కార్బురేటర్ బండి అయితే లోపలి డయాఫ్రం కూడా చూసుకోండి. ఇథనాల్ గాలిలో తేమని లాగుతుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచి బండి ఆపొద్దు.

అపోహ: హెడ్‌లైటు చాలట్లేదంటే బల్బు పెద్దది వేయాలి.

ముందు బల్బు దగ్గర మీటర్ పెట్టి వోల్టేజ్ చూడండి. రెండు 60 వాట్ల బల్బులకి 10 ఆంపియర్ల కరెంటు పాతికేళ్ల నాటి స్విచ్ లోంచి, సన్న వైర్ల లోంచి వస్తోంది. వోల్టేజ్ 10 శాతం పడితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్‌లు), లావు వైరు, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, ఒక ఆదివారం పొద్దున్న పని, అదే పాత బల్బు కొత్త బండిలా వెలుగుతుంది. 100 వాట్లది పెడితే స్విచ్ కాలుతుంది, ఎదుటివాడి కళ్లు పోతాయి.

బుల్ బార్ (ముందు బంపర్‌కి తగిలించే ఇనుప గార్డు) గురించి కూడా అడుగుతారు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి ఐదేళ్లకీ ఆర్సీ రెన్యువల్ కోసం ఎలాగూ ఫిట్‌నెస్‌కి పోవాలి, అప్పుడు ఇబ్బంది పడకుండా ఉండాలంటే బాగు చేయడం మీద పెట్టండి డబ్బులు.

ఇంకొకటి చాలా గట్టిగా చెప్తున్నా. జాకీ ఎత్తడానికే, దాని మీద బండి నిలబెట్టి కింద దూరకూడదు. ఇటుకలు అసలే వద్దు, ఇటుక పగిలేముందు చెప్పదు. రెండు మంచి స్టాండ్లు కొనండి, నేల గట్టిగా లేకపోతే కింద చెక్క పలక వేయండి, దూరే ముందు బండిని భుజంతో గట్టిగా నెట్టి చూడండి.

అపోహ: స్నార్కెల్ ఉంటే ఎంత నీళ్లయినా దాటొచ్చు.

స్నార్కెల్ అంటే ఇంజిన్ గాలిని పై ఎత్తు నుంచి పీల్చేలా పెట్టే గొట్టం, అది ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా చూస్తుంది, అదీ మధ్యలో గొట్టాలన్నీ బిగుతుగా ఉంటేనే. వాగులో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్‌లో నీళ్లు ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, స్పార్క్ ప్లగ్గులు తీసి నీళ్లు బయటికి పోయాకే తిప్పాలి. అయితే ఎవరూ చూడనిది యాక్సిల్ బ్రీదర్, అంటే యాక్సిల్ లోపలికి గాలి వచ్చి పోయే కన్నం. దారంతా తిరిగి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారి చల్లటి వాగులో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే సీళ్ల సందులోంచి నీళ్లని పీలుస్తుంది. యాక్సిల్ మీద చిన్న బుడిపెలా ఉంటుంది బ్రీదర్, దాన్ని శుభ్రం చేసి ఒక గొట్టం తగిలించి పైకి బాడీ ఎత్తుకి తీసుకెళ్లి కట్టండి, వంద రెండొందల్లో అయిపోయే పని. పాడేరు వైపు వానాకాలంలో తిరిగి వచ్చిన ప్రతిసారీ బండిని ఒక రాత్రి ఆపి ఉంచి, తెల్లారి ముందూ వెనకా డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేసి ఒక గ్లాసులో నాలుగు చుక్కలు పట్టి చూడండి. తేనె రంగులోనో నల్లగానో ఉంటే బిగించేయండి. పాల టీ రంగులో వస్తే నీళ్లు కలిశాయని, ఆయిల్ మొత్తం ఆ పూటే తీసేయండి.